భర్త: ఆరోగ్యవంతుడు

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన మా మరదలికి ఒకటిన్నర మంది మొగుళ్ళు. అసలు మొగుడు, అంటే నా తమ్ముడు, ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. అర్ధమొగుణ్ణయిన నేనే దాన్ని వెంటబెట్టుకుని తిరిగాను. సూదులకు నేనే, స్కానింగులకు నేనే. ట్యూబుల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసిన రోజు అది పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంటుంటే చెయ్యి పట్టుకున్నదీ నేనే. రెండుసార్లు మత్తిచ్చి బొడ్డు దగ్గర కోశారు. మొదటిసారి లోపల ఏముందో చూడటానికి, రెండోసారి అప్పుడు కనిపించిన చిన్న గడ్డ తీసెయ్యడానికి. రెండూ అయ్యాక డాక్టరమ్మ "అంతా బాగానే ఉంది" అంది. బాగానే ఉంటే మరి పిల్లలేరీ అని అడిగాను. "ఒక్కోసారి అంతేనమ్మా" అని ఇంకో ఆరు నెలలకు మందులు రాసింది.

తప్పులు పట్టడం నా ఉద్యోగం. చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పద్దెనిమిదేళ్ళుగా నిలబడుతున్నాను. కాలరు వంకరగా వస్తే కుట్టినామెను పిలిచి తిట్టేయం. కటింగ్ చూస్తాం, గుడ్డ చూస్తాం, మిషను చూస్తాం, ఇస్త్రీ చూస్తాం. అన్నీ చూశాకే తప్పు ఎవరిదో చీటీ మీద రాస్తాం. ఒక చొక్కాకి దొరికే ఆ మాత్రం న్యాయం మా మరదలికి దొరకలేదు. ఇంట్లో ఏ గిన్నె జారిపడినా మా అమ్మ నోట్లోంచి "గొడ్డు" అన్న మాట జారేది. మరదలు వినబడనట్టు కళ్ళజోడు తుడుచుకునేది. అది పనిచేసేది కళ్ళద్దాల షాపులోనే, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడాను కూడా పట్టేస్తుంది. తన సంసారం విషయంలో మాత్రం అందరూ చెప్పిందే నమ్మింది.

మూడో ఆపరేషన్‌కి సోమవారం అని తేదీ ఇచ్చి పాత డాక్టరమ్మ రిటైరైపోయింది. ఆమె కుర్చీలోకి కొత్తావిడ వచ్చింది. నడివయసు మనిషి, నవ్వదు. అంతకు ముందు సోమవారం మేమిద్దరం వెళితే, అరచెయ్యి మందం ఉన్న ఫైలును మొదటి నుంచి చివరి దాకా తిప్పింది.

"ఇందులో భర్త రిపోర్టు ఏది?"

"మొదటి పేజీలో ఉందండి," అన్నాను.

మొదటి పేజీ తీసింది. "భర్త: ఆరోగ్యవంతుడు అని ఉంది. ఏ పరీక్ష చేసి రాశారమ్మా ఇది?"

ఆ ముక్క ఎవరు రాయించారో నాకు తెలుసు. ఏడేళ్ళ కిందట ఇదే గదిలో పాతావిడ "మీ ఆయన ఆరోగ్యం ఎలా ఉంటుంది?" అని మరదల్ని అడిగింది. అది నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. "మావాడికేమండీ, గుండ్రాయిలా ఉంటాడు. లారీ టైరు ఒంటిచేత్తో లేపుతాడు." పక్కన నిలబడి నేనూ తలూపాను. పాతావిడ రాసుకుంది. ఆ తర్వాత కాగితం మారినప్పుడల్లా ఒకరు రాసింది ఇంకొకరు ఎక్కించుకుంటూ పోయారు. ఏడేళ్ళ వైద్యం మా అమ్మ నోటిమాట మీద నడిచింది. మా ఫ్యాక్టరీలో చూడకుండా 'ఓకే' ముద్ర వేసిన వాళ్ళను ఆ పూటే ఇంటికి పంపిస్తారు. నేను తలూపినందుకు నన్ను ఎవరూ పంపలేదు.

ఆ సంగతే చెప్పాను. డాక్టరు ఫైలు మూసింది.

"టైరు లేపడానికీ దీనికీ సంబంధం లేదమ్మా. పిల్లలు కలగని జంటల్లో ఇంచుమించు సగం మందిలో మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. అందుకే మొట్టమొదట చెయ్యాల్సింది మగవాడి వీర్యం పరీక్ష. కొయ్యక్కర్లేదు, సూది కూడా గుచ్చక్కర్లేదు. ఆ రిపోర్టు చూడకుండా నేను ఈ అమ్మాయి మీద కత్తి పెట్టను."

బస్సులో మరదలు ఫైలు మొదటి పేజీ తీసి ఆ ముక్కే చదువుకుంటూ కూర్చుంది. మా స్టాపు దగ్గర పడుతుండగా అడిగింది.

"వదినా, ఆయనకీ సంగతి చెప్పేదెవరు?"

ఇంకెవరు, నేనే. మా ఇంటికి పోకుండా దానితోపాటే అమ్మావాళ్ళింట్లో అడుగు పెట్టి, చెప్పులైనా విప్పకుండా చెప్పాను. తమ్ముడు తింటున్న కంచం ముందు నుంచి లేచాడు.

"నాకేం రోగమక్కా?"

"రోగముందని ఎవరన్నారురా? చూపించుకోమన్నారు. దాన్ని ఏడేళ్ళుగా చూస్తున్నారు కదా, నిన్నొక్క రోజు చూస్తే అరిగిపోతావా?"

మా అమ్మ మధ్యలోకి వచ్చింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? మొగుడూ పెళ్ళాలు వాళ్ళు వాళ్ళు చూసుకుంటారు."

"కత్తిపీట కాదమ్మా, కత్తే. సోమవారం దాని పొట్ట మీద పెడతారు. నీ కొడుకు పరీక్షకు వెళ్ళకపోతే నేను రేపు వాడి షాపుకెళ్ళి అందరి ముందూ అడుగుతాను."

వాడు పనిచేసేది టైర్లు రీట్రేడింగు చేసే షాపులో. అరిగిన టైరుకు కొత్త రబ్బరు వేసి వేడి అచ్చుల్లో ఉడికిస్తారు. పదిమంది మగవాళ్ళు, రోజంతా ఒకరి మీద ఒకరు మోటు జోకులు. అక్కడ ఈ మాట పడితే ఏమవుతుందో వాడికి తెలుసు. తల దించుకుని "సరే" అన్నాడు. భయపెట్టి మంచి పని చేయించానని ఆ పూట సంబరపడ్డాను. అసలు పొరపాటు అక్కడే జరిగింది.

ఆస్పత్రి గదిలో ఇవ్వడం తన వల్ల కాదన్నాడు. అమ్మ ఉన్న ఇంట్లో అసలే కాదన్నాడు. షాపు నుంచి ల్యాబు రెండు స్టాపులే కాబట్టి షాపులో ఇస్తాను, నువ్వు పట్టుకెళ్ళు అన్నాడు. ల్యాబులో అమ్మాయి నాకు మూతున్న డబ్బా ఇచ్చి అన్నీ వివరంగా చెప్పింది. మూడు రోజులు దూరంగా ఉండాలి. ఇచ్చిన గంటలోపు చేర్చాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండ తగలకూడదు, ఒంటి వేడి తగిలేలా పట్టుకు రావాలి.

గురువారం ఉదయం సగం రోజు సెలవు పెట్టి షాపు బయట నిలబడ్డాను. లోపలి గదిలోంచి ముందు జాకీ బయటికి వచ్చాడు. జాకీ అంటే తమ్ముడి జోడీ, జాకీ లేకుండానే బండి లేపుతాడని షాపులో ఆ పేరు పెట్టారు. ముగ్గురు పిల్లల తండ్రి. నన్ను చూస్తే "అక్కగారూ, మీ ఫ్యాక్టరీలో నా సైజు చొక్కా ఎప్పుడు కుడతారు" అని ఆట పట్టించకుండా వదలడు. ఆ రోజు మాత్రం తలెత్తకుండా టైరు దొర్లించుకుంటూ పోయాడు. కాసేపటికి తమ్ముడు పేపర్లో చుట్టిన డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

దాన్ని చంకలో ఇరికించుకుని బస్సెక్కాను. నిలబడటానికి కూడా చోటు లేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి ఒంటికి అదిమిపెట్టి, ఎవరైనా తోస్తే పక్షవాతం వచ్చినదానిలా మెలికలు తిరుగుతూ రెండు స్టాపులు వెళ్ళాను. నా మేనల్లుడో మేనకోడలో నా చంకలో ఉన్నట్టే అనిపించింది. నవ్వండి, ఫర్వాలేదు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు మాత్రం నవ్వు రాదు.

శుక్రవారం నలుగురం వెళ్ళాం. తమ్ముడు మొదటిసారి వచ్చాడు, పెళ్ళికి వచ్చినట్టు ఇస్త్రీ బట్టల్లో. మా అమ్మ వాడి పక్కన కూర్చుంది. మరదలు ఎప్పుడూ కూర్చునే స్టూలు మీదే కూర్చుంది. డాక్టరు రిపోర్టు చదివి కళ్ళజోడు తీసింది.

"ఇందులో వీర్యకణాలు లేవు. తక్కువ కాదు, ఒక్కటి కూడా లేదు." వాడి వైపు తిరిగింది. "మీరు ఎప్పుడైనా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారా?"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తమ్ముడు కుర్చీలోంచి లేచాడు.

"అది నాది కాదండీ."

వాడే మళ్ళీ అన్నాడు. "మా షాపులో వాడిది. వాడికి ముగ్గురు పిల్లలున్నారు, ఎలా లేకుండా పోతాయి? మీ మిషనే తప్పు."

అంత కోపంలోనూ నాకు ముందు నా చంక గుర్తుకొచ్చింది. పరాయి మగాడి డబ్బాను బిడ్డలా హత్తుకుని ఊళ్ళోంచి మోసుకొచ్చాను. తమ్ముడి ఫోను లాక్కుని జాకీకి చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి డబ్బా సంగతి అడిగాను. అటువైపు కాసేపు మిషను మోత, తర్వాత తలుపు వేసిన చప్పుడు.

"అక్కగారూ, మూడోది పుట్టాక మా ఆవిడ ఒంట్లో ఓపిక లేదు. నేనే ఆపరేషన్ చేయించుకున్నాను. షాపులో తెలిస్తే నన్ను బతకనివ్వరని ఎవరికీ చెప్పలేదు. వీడొచ్చి డబ్బా చేతిలో పెట్టి, నీకేంరా ముగ్గురిని కన్న మొనగాడివి అన్నాడు. కుదరదంటే ఎందుకని అడుగుతాడు. ఏమని చెప్పను?"

పెళ్ళాం ఒళ్ళు చల్లగా ఉండాలని తన ఒంటి మీద కోయించుకున్నవాడు దొంగలా దాక్కున్నాడు. పెళ్ళాన్ని మూడోసారి కోతకు పంపిస్తున్నవాడు రొమ్ము విరుచుకుని తిరుగుతున్నాడు. ఎవరు ఎందుకు సిగ్గుపడుతున్నారో అర్థం కాక నాకు ఒళ్ళు మండిపోయింది. జాకీని తిడదామనుకున్నదాన్ని, "నువ్వు చేసిన దాంట్లో తప్పేం లేదు, ఫోను పెట్టెయ్యి" అన్నాను.

అప్పుడు మరదలు మాట్లాడింది. ఆ గదిలో అది గొంతు విప్పడం ఏడేళ్ళలో నాలుగైదు సార్లు చూశాను, అదీ నొప్పి ఎక్కడని అడిగినప్పుడు.

"ఒకవేళ అతనికి ఆపరేషన్ కాకపోయుంటే రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చేది కదండీ?"

తమ్ముడు చొక్కా ఇస్త్రీ మడత సవరించుకున్నాడు.

"అప్పుడు సోమవారం నన్ను కోసేవాళ్ళు. మీకు తెలుసు. తెలిసే ఇచ్చారు."

"అంత దూరం ఆలోచించలేదు," అన్నాడు వాడు.

ఈ ఒక్క మాటకి నేను వాణ్ణి ఈ జన్మలో క్షమించను. మోసం చేశానంటే క్షమించేదాన్నేమో. ఆలోచించలేదట. ఆ పొట్ట తనది కాదు కాబట్టి ఆలోచించలేదు.

డాక్టరు ఇంకో డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. వసారా చివర గది చూపించింది. ఆ పక్క గదిలో మగవాళ్ళ డాక్టరుంటాడని, డబ్బా ఇచ్చాక ఆయనకు చూపించుకోమని చెప్పింది. అమ్మ ఏదో అనబోతే "మీరు బయట కూర్చోండి" అంది. ఆస్పత్రి గదిలో వల్ల కాదన్నవాడు ఇరవై నిమిషాల్లో వచ్చాడు.

శనివారం మళ్ళీ నలుగురం వెళ్ళేసరికి రిపోర్టు వచ్చింది. ఉండాల్సిన దానిలో కణాలు పదో వంతు కూడా లేవు. ఉన్నవాటిలో చాలావరకు కదలడం లేదు. మగవాళ్ళ డాక్టరు వాణ్ణి నిలబెట్టి ఐదు నిమిషాల్లో చూసి చెప్పాడట, ఎడమవైపు వృషణం దగ్గర రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయని, చాలాకాలంగా అలాగే ఉండి ఉండాలని. చాలామంది మగవాళ్ళలో ఉండేదేనట. చిన్న ఆపరేషన్ చేస్తే కొన్ని నెలల్లో లెక్క పెరగవచ్చు, పెరుగుతుందని మాత్రం గట్టిగా చెప్పలేమన్నాడు. ఆ వేడి అచ్చుల దగ్గర నిలబడటం కూడా తగ్గించుకోమన్నాడు.

ఐదు నిమిషాలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏడేళ్ళు మద్దెలను విప్పి చూశాం, కోసి చూశాం, కుట్టి చూశాం. ఆడేవాడి కాలు చూడటానికి ఐదు నిమిషాలు పట్టింది. నేను తలూపిన రోజే ఆ ఐదు నిమిషాలు అడిగి ఉంటే ఆ పిల్ల ఒంటి మీద ఒక్క గాటు పడేది కాదు. ఆ పాపంలో నా పిడికెడు నాదే, కాదనను.

"మీకు సోమవారం నేను కొత్తగా చూడాల్సిందేమీ లేదమ్మా," అంది డాక్టరు మరదలితో. "వద్దనుకుంటే కౌంటర్లో చెప్పి కొట్టేయించుకోండి. అదే రోజు మీ ఆయనకు కావాలన్నా పక్క డాక్టరుగారికి ఖాళీ ఉంది. మీలో మీరు మాట్లాడుకోండి."

హాల్లో వరుస కుర్చీల్లో కూర్చున్నాం. చుట్టూ పాతికమంది ఆడవాళ్ళు, ఒళ్ళో లావుపాటి ఫైళ్ళు. మా అమ్మ తమ్ముడి మణికట్టు పట్టుకుని కూర్చుంది. బయట ఎవరికీ ఈ సంగతి తెలియకూడదని ముందు మా అందరిచేతా మాట తీసుకోబోయింది. నేను ఇవ్వలేదు. అప్పుడు గొంతు తగ్గించి నాతో అంది.

"మగపిల్లాడు, బరువులెత్తే ఒళ్ళు, అక్కడ కత్తి పెట్టిస్తే రేపు ఏమైనా అయితే? తేదీ ఎలాగూ ఇచ్చారుగా, ముందు అమ్మాయికి చేసెయ్యమను. కుదరకపోతే అప్పుడు వీడి సంగతి చూద్దాం."

"దానికి ఏం చెయ్యాలమ్మా ఇంకా?"

"ఏదో ఒకటి చేస్తారుగా. దానికి అలవాటేగా."

మరదలు రెండు కుర్చీల అవతల ఉంది. వినబడింది. కళ్ళజోడు తుడుచుకోలేదు. తలతిప్పి తమ్ముణ్ణి చూసింది. నేనూ వాణ్ణే చూశాను. ఒక్క మాట చాలు. "ఊరుకో అమ్మా" అన్నా చాలు. నేను ఎత్తుకు పెంచినవాడు, చిన్నప్పుడు నా వేలు తెగితే తను ఏడ్చినవాడు, అంటాడనే అనుకున్నాను. వాడు బూటు కొనతో నేల మీద గచ్చు గీతను రాస్తూ కూర్చున్నాడు.

తర్వాత మరదలి వైపు వంగి మెల్లగా అడిగాడు. "బాగా నొప్పి పుడుతుందా?"

మొదటి ఆపరేషన్ అయ్యాక అది నాలుగు రోజులు పక్కకు ఒత్తిగిల్లలేకపోయింది. రెండోదానికి జ్వరం పట్టి పదకొండు రోజులు. అప్పుడెప్పుడూ వాడి నోట ఈ ప్రశ్న రాలేదు. ఇప్పుడు వచ్చింది, తన కోసం.

"ఏడేళ్ళు ఇంట్లోనే ఉన్నారుగా," అంది మరదలు. "చూళ్ళేదా?"

లేచి కౌంటరు దగ్గరికి నడిచింది. దాని వెనకే నేనూ లేచాను.

"సోమవారం లిస్టులో నా పేరు కొట్టెయ్యండి," అంది.

కౌంటరామె రిజిస్టరు తిప్పి గీత గీసింది. "కారణం రాయాలమ్మా. ఏమని రాయను?"

"రోగి మారారని రాసుకోండి."

ఆమె పెన్ను ఆపి మరదలి మొహం చూసింది. ఆ కౌంటరు వెనక కూర్చుని ఎన్ని వేల ఫైళ్ళు చూసిందో ఆమె. నవ్వలేదు, ఇంకేం అడగలేదు. రాసింది.

"మరి ఇప్పుడు రోగి పేరు?"

"ఆయన అక్కడే ఉన్నారు. వచ్చి చెప్పుకుంటారు." మరదలు ఫైలు తీసి కౌంటరు మీద పెట్టింది. "ఇది కూడా ఆయనకే ఇవ్వండి, చదువుకుంటారు. వదినా, నాకు షాపుకు టైమైంది. సాయంత్రం నేను మీ ఇంటికి వస్తాను. కొన్నాళ్ళుంటాను."

"ఎన్నాళ్ళైనా ఉండు," అన్నాను.

అది మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆస్పత్రి నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అది నడిచి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు.

తమ్ముడు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. అమ్మ వాడి మణికట్టు వదల్లేదు. నేను వాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడ్డాను. చెంప పగలగొట్టాలన్నంత కోపం ఉంది. మళ్ళీ నాకే ఏడుపు వస్తుందేమోనన్న భయమూ ఉంది.

"లేవరా. కోతకు పెళ్ళాన్ని పంపావు, పరీక్షకు జాకీని పంపావు. కనీసం నీ పేరు నువ్వు వెళ్ళి చెప్పు."

"అందరూ ఉన్నారక్కా," అన్నాడు.

"అదీ అందరి ముందే చెప్పుకుంది."

వాడు అమ్మ చెయ్యి విడిపించుకుని లేచాడు. కౌంటరు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ ఫైలు మీద పెట్టి, పెదాలు మాత్రం కదిపాడు.

"వినబడట్లేదండీ," అంది కౌంటరామె. "గట్టిగా చెప్పండి."

వాడు మళ్ళీ చెప్పాడు. హాల్లో కూర్చున్న ఆడవాళ్ళందరూ తలలెత్తి చూశారు.